టీచరుగారికో చవకైన కానుక

పిల్లల టీచర్లకు కానుకలివ్వాలన్న ఆలోచన మొదట ఏ మహానుభావుడికి వచ్చిందో గానీ, ఆయనకు రెండు చేతులూ జోడించి నమస్కరిస్తున్నాను. చక్రం కనిపెట్టిన తర్వాత మానవజాతికి ఇంతటి మేలు మరొకటి జరగలేదు!

నవ్వకండి. ఒక్కసారి ఆలోచించండి. ఏడాది పొడుగునా పక్క ఫ్లాటు వాళ్ల ముఖం చూడని మనం, టీచర్స్ డే దగ్గరపడుతోందనగానే లిఫ్టులో ఎంత ఆప్యాయంగా పలకరించుకుంటాం! "మీరేం ఇస్తున్నారండీ?" అంటారు వాళ్లు. "ఇంకా ఏమీ అనుకోలేదండీ, మీరో?" అంటాం మనం. "మేమూ అంతేనండీ." రెండూ అబద్ధాలే. రెండిళ్ల బీరువాల్లోనూ కాఫీ మగ్గు అప్పటికే ప్యాకై కూర్చుని ఉంటుంది. అబద్ధమైతేనేం, నోరు విప్పి మాట్లాడుకున్నాం కదా!

ఇక కుటుంబ బంధాల సంగతి. నేనూ మా ఆవిడా టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి, ఎదురెదురుగా కూర్చుని చర్చించుకునేది ఈ ఒక్క విషయమే. కానుక చూడటానికి ఖరీదుగా ఉండాలి, కొనడానికి చవగ్గా ఉండాలి అన్నది మా ఆవిడ సిద్ధాంతం. మరీ ఖరీదుగా కనిపిస్తే కాకా పడుతున్నామంటారు. మరీ చవగ్గా కనిపిస్తే పిల్లని వెనక బెంచీకి తోస్తారు. ఈ రెంటి మధ్య ఉన్న సందు సూది బెజ్జమంత. అందులోంచి దూరగలిగిన వస్తువు లోకంలో ఒక్కటే. అదే మగ్గు.

దాని మీద 'ప్రపంచంలోకెల్లా ఉత్తమ ఉపాధ్యాయిని' అని రాసి ఉంటుంది. మా అమ్మాయి చదివే రెండో తరగతిలో ముప్పై మంది పిల్లలు. ఒకే మనిషిని ముప్పై మగ్గులు ఉత్తమురాలని కీర్తిస్తుంటే, ఆవిడకు విడిగా జీతం పెంచాల్సిన అవసరం స్కూలుకి ఏముంటుంది? పొదుపంటే ఇదీ!

మా అమ్మాయి అభిప్రాయం కూడా అడిగాం. ఇంట్లో ప్రజాస్వామ్యం ఉండాలి కదా.

"టీచర్‌కి కుర్చీ కొందాం నాన్నా. ఇప్పుడున్న దానికి ఒక కాలు చివర విరిగిపోయింది. కూర్చుంటే పడిపోతుందని పొద్దున్నుంచీ నిలబడే ఉంటారు. మధ్యాహ్నం అయ్యేసరికి గోడకి ఆనుకుంటారు" అంది.

చిన్నపిల్ల, దానికి కానుకల గురించి ఏం తెలుసు? కుర్చీని ఏ కాగితంలో చుడతాం? రిబ్బను ఎక్కడ కడతాం? "సరేలే, హోంవర్కు చేసుకో" అన్నాను.

అప్పుడే నాకు దివ్యమైన ఆలోచన వచ్చింది. ఇన్నేళ్లుగా నేను పత్రికలో రాసిన కాలమ్స్ అన్నీ కలిపి, ఆ మధ్య సొంత ఖర్చుతో ఒక పుస్తకం వేసుకున్నాను. గట్టి అట్ట, లావుపాటి పుస్తకం. కాపీలన్నీ మా మంచం కింద భద్రంగా ఉన్నాయి. చీపురుకి అడ్డం పడుతున్నాయని మా ఆవిడ సణగని రోజు లేదు. ఇంతకన్నా చవకైన కానుక ఏ షాపులో దొరుకుతుంది?

విషయం చెప్పగానే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏవండీ, పిల్ల మీద మీకేమైనా కోపమా?"

లోపల ఏముందో తెలియకుండా చుట్టేద్దామని సర్దిచెప్పాను. ప్యాకింగులో మా ఆవిడ ఘటికురాలు. మాకొచ్చిన కానుకల కాగితాలు చిరగకుండా విప్పి, ఇస్త్రీ చేసి, పరుపు కింద దాస్తుంది. బంగారు చుక్కలున్న కాగితం ఒకటి తీసి, పుస్తకానికి చుట్టి, నాలుగు వైపులా టేపు వేసింది. అయినా విప్పేస్తారేమోనని భయమేసి, ఇంకో రెండు చుట్లు వేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పేరెంట్స్ మీటింగుకి వెళ్లాను. మా స్కూల్లో ఏ తరగతికి వెళ్లాలన్నా ముందు ఫీజుల గది దాటాలి. ఆ గదిలో కుర్చీల సుఖం ఏం చెప్పమంటారు! కూర్చుంటే లోపలికి దిగిపోతాం. పైన ఏసీ. అక్కడ కాసేపు కూర్చుంటే ఫీజు కట్టడం కూడా విశ్రాంతిలాగే అనిపిస్తుంది.

అక్కణ్నుంచి మా అమ్మాయి తరగతికి వెళ్లాను. కిటికీ గట్టు మీద మగ్గులు బారులు తీరి ఉన్నాయి. ఒకదాంట్లో పెన్సిళ్లు, ఒకదాంట్లో చాక్‌పీసు ముక్కలు, మిగతావాటి నిండా దుమ్ము. టీచరుగారు మాత్రం కుర్చీలో కూర్చునే ఉన్నారు. చూశావా, కుర్చీ బాగానే ఉందిగా అన్నట్టు మా అమ్మాయి వైపు చూశాను.

అది నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "నాన్నా, అటు చూడు. మన గిఫ్టే."

కుర్చీ విరిగిన కాలు కింద, బంగారు చుక్కల కాగితంలో, టేపు కూడా చెక్కుచెదరకుండా నా సాహిత్య సర్వస్వం ఉంది.

టీచరుగారు లేవబోయి మోకాలు పట్టుకున్నారు. "ఏమీ అనుకోకండి సర్. స్కూలు తెరిచినప్పట్నుంచీ కుర్చీ అడుగుతూనే ఉన్నాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. మగ్గులు పెడితే పగిలిపోతాయి కదా. మీరిచ్చిందే సరిగ్గా సరిపోయింది. ఇంతకీ లోపల ఏముంది సర్?"

"గట్టి వస్తువే లెండి, భయపడకండి" అన్నాను.

నవ్వుకోవాల్సిన సంగతే. కానీ నాకు నవ్వు రాలేదు. పిల్ల విడమరచి చెప్పినా నా చెవికెక్కనందుకు సిగ్గేసింది. ఆ ఫీజుల గది కుర్చీలు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఆ ఆవేశంలో ఇంటికి రాగానే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రాశాను. 'అందరం కలిసి టీచరుగారికి ఒక మంచి కుర్చీ కొనిద్దాం. తలా పడేది మగ్గు ఖరీదులో సగం కూడా ఉండదు.'

పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ పూలతో కళకళలాడే గ్రూపు మూగబోయింది. చాలాసేపటికి ఒక తల్లి, 'కుర్చీ మీద పిల్లలందరి పేర్లూ పడతాయా అండీ?' అని అడిగింది. ఒక డాక్టరుగారు, 'కుర్చీ ఇవ్వడం స్కూలు బాధ్యత, మనం అలవాటు చెయ్యకూడదు' అని తీర్పు చెప్పారు. ఆ మాట వెళ్లి స్కూలుకి చెబుదామా అంటే, ఆయనకు పేషెంట్లు వచ్చేశారు. మా పక్క ఫ్లాటాయన ఒక్కడే ఫోన్ చేసి మనసు విప్పాడు.

"అందరం కలిసి ఇస్తే ఎలాగండీ? మావాడు ఇచ్చాడని ఆవిడకెలా తెలుస్తుంది చెప్పండి?"

చూశారా కానుక గొప్పతనం? పుచ్చుకునే మనిషికి ఏం కావాలన్న చిల్లర విషయాలు దానికి అక్కర్లేదు. ఇచ్చినవాడి పేరు కనబడితే చాలు. కుర్చీకి ఆ యోగ్యత లేదు. కూర్చున్నాక ఎవరికీ కనబడదు.

మీరొక్కరే కొనివ్వచ్చుగా అంటారా? మా అమ్మాయి కూడా అదే అంది. నేనొక్కడినే కుర్చీ ఇస్తే కాకా పడుతున్నానని గ్రూపులోంచి తీసెయ్యరూ? పైగా పుస్తకం ఇంకా దిట్టంగానే ఉందాయె.

నిన్న మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, భుజాన బ్యాగు కూడా దింపకుండా నా టేబులు దగ్గరికొచ్చి నిలబడింది.

"నాన్నా, ఇంకో పుస్తకం రాస్తున్నావా? రెండో కాలు కూడా ఊగుతోంది."

"రాస్తున్నాను తల్లీ" అన్నాను.

ఈ వ్యాసం పొడవెక్కువైంది, తగ్గించమని మా సంపాదకుడు పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తున్నాడు. తగ్గించను. ఈసారి పుస్తకం ఇంకా లావుగా ఉండాలి.