కరెంటు పోతేనే పాట

కరెంటు కోతను తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. సాహిత్యానికి ఈ కోత చేసినంత సేవ మన ప్రాంతంలో ఇంకెవరైనా చేశారా?

మీరే చెప్పండి! ముక్కుకు గుడ్డైనా కట్టుకోకుండా పత్తికి పురుగుమందు కొట్టే మొనగాళ్లున్నారు. వాళ్లనే సొంత పద్యం నలుగురిలో చదవమనండి. చేనుకు నీళ్లు పెట్టాలని ఠక్కున గుర్తొస్తుంది. మరి గుర్తు రాదూ? వెలుతురులో ముందు కుర్చీ కనబడుతుంది. అందులో మా గ్రంథాలయ అధ్యక్షులు యలమందయ్యగారు అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ ఉంటారు. ఆ దృశ్యం చూసి సగం పద్యం మింగేసిన కవులు ఎందరో!

కరెంటు పోయిందా, ఈ బాధే లేదు. మైకు కీచుమనదు. ఆవలింతలు కనబడవు. చీకట్లో చెప్పులు దొరకవు కాబట్టి శ్రోతలు లేచి పోలేరు. కవికి ఇంతకన్నా ఏం కావాలి?

నమ్మకం కుదరకపోతే మొన్న పర్చూరు పక్కన మా ఊళ్లో జరిగిన గ్రంథాలయ వార్షికోత్సవం సంగతి వినండి. బళ్లో పాఠాలు చెప్పే రెబ్కా పాటలు కడుతుందని ఆవిడ భర్త జయరావుకు తప్ప ఎవరికీ తెలియదు. గిన్నెలు తోముతూ పాడుకోవడమే గానీ ఏనాడూ బయట నోరు విప్పలేదు. ఆ సాయంత్రం "పాడవే" అని జయరావు మోచేత్తో పొడుస్తుంటే, "నవ్వుతారండీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో కరెంటు పోయింది. చీకట్లోంచి పాట లేచింది.

"మిరపకాయలు కోసిన చేతుల
నా కన్ను తుడవని మా అమ్మా..."

బిడ్డ ఏడుస్తుంటే, మండే చేతులు వెనక్కి దాచుకున్న కూలితల్లి పాట అది. మిరప కల్లాల ఘాటుకు పొద్దుటినుంచీ దగ్గుతున్నవాళ్లు కూడా దగ్గు బిగబట్టారు. నా పక్కన కూర్చున్న మిరప కూలి సైదాబీ ముక్కు చీదింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు?

"ఎవరో గానీ, ఇంకోసారి పాడు తల్లీ" అన్నారు యలమందయ్యగారు.

అప్పుడే కరెంటు వచ్చింది. పాడిందెవరో చూశారు. యలమందయ్యగారు గబగబా శాలువా పట్టుకొచ్చి జయరావు భుజాల మీద కప్పారు!

"ఏమయ్యా జయరావ్, ఇంత బాగా రాస్తావని ఇన్నాళ్లూ చెప్పలేదే!"

పత్తి కొట్లో గుమాస్తా జయరావు తెల్లబోయాడు. "నాకు చిట్టా రాయడమే వచ్చండీ. పాట మా ఆవిడదే."

"గొంతు ఆవిడదేలేవయ్యా. రాసిచ్చిందెవరని?"

రెబ్కా లేచి నిలబడింది. "నేనే కట్టానండి. మా అమ్మ మీద."

ఒక్క చప్పట పడలేదు. యలమందయ్యగారు జయరావు వంక చూశారు, నిజమేనా అన్నట్టు.

రెబ్కా భర్త భుజాల మీది శాలువా తీసి, మడత పెట్టి, యలమందయ్యగారి చేతిలో పెట్టింది.

"రెండో చరణం కూడా ఉందండీ. మళ్లీ కరెంటు పోయినప్పుడు పాడతాను" అని కూర్చుంది.

సభ అయ్యేదాకా అందరం బల్బు వంక చూస్తూ కూర్చున్నాం. దిక్కుమాలిన కరెంటు, మళ్లీ పోలేదు.