గద్దకు లెక్కలు రావు

ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బావమరిదితో కలిసి గుట్ట ఎక్కాలి. ఆకుపచ్చ గుడ్డతో కట్టిన, ఒక్క మనిషి పట్టే గుడారంలోకి ఇద్దరూ దూరాలి. కాసేపాగి బావమరిది ఒక్కడే బయటికొచ్చి, చేతులూపుకుంటూ దిగిపోవాలి. గద్ద చూపు ఎంత గొప్పదైనా దానికి లెక్కలు రావు. వచ్చినవాళ్ళు పోయారనుకుని గూటికి దిగుతుంది. పక్షుల ఫొటోలు తీసేవాళ్ళలో పాతబడ్డ ఉపాయమే ఇది.

వారమంతా జనం నోళ్ళు తెరిపించి చూసే అతనికి, తను చూస్తున్నట్టు తెలియనిదాన్ని ఒక్కసారి చూడాలని కోరిక. గుట్ట కింది ఒంటిచెట్టు మీది గూటికి గద్ద ఎర తెచ్చే క్షణం కోసం మూడేళ్ళుగా కాచుకున్నాడు. దొరికింది తోక మాత్రమే. ఈసారి పిల్లకు రెక్కలు నిండాయి. ఇవాళో రేపో ఎగిరిపోతుంది. ఆ తర్వాత గూడు ఉత్త పుల్లల కుప్ప.

గూటి సంగతి తెలిస్తే జనం ఎగబడతారని, ఎవరడిగినా చెప్పకూడదని బావమరిది చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

బావమరిది దిగేసరికి కింద ఫారెస్టు గార్డు నిలబడి ఉన్నాడు. ఇద్దరు ఎక్కడం అతను చూశాడు. రెండోవాడేడని అడిగాడు. ఇచ్చిన మాట ప్రకారం బావమరిది, రెండోవాడెవరూ లేడనీ తనొక్కడే వచ్చాననీ చెప్పాడు. చెప్పినంతసేపూ తేలు కుట్టిన దొంగలా మెలికలు తిరిగాడు. గార్డు అతని మొహం చూశాడు, చేతులు చూశాడు, కారు తాళాలు లాక్కుని శవాన్ని వెతకడానికి గుట్టెక్కాడు.

తెర తొలగించగానే శవం కళ్ళెర్రజేసి, పెదవుల మీద వేలు పెట్టి, "కదలకండి" అంది.

కుర్చీలో పడుకున్న రోగుల దగ్గర డాక్టరు వాడే గొంతు అది, ఎంతటివాడైనా వినాల్సిందే. గార్డు కూలబడ్డాడు. దిగబోతున్న గద్ద అలికిడికి పక్కకు తిరిగి, వాళ్ళకన్నా కిందుగా చెట్టు చుట్టూ తిరగసాగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో గార్డు దాని పొట్టే చూశాడు. వీపు ఇప్పుడే చూస్తున్నాడు: ఎండ పడినప్పుడల్లా కాలిన ఇటుక రంగు నుంచి తేనె రంగుకు మారే వీపు. రెక్క ఆడించదు; గాలిని ఆనుకుని ఉంటుంది, అంతే. వచ్చిన పని అతనికిక గుర్తులేదు.

కింద బావమరిది చాలాసేపు చూశాడు. చివరికి అక్కకు ఫోన్ చేసి, బావ పైనున్నాడనీ, గార్డు కోపంగా ఎక్కాడనీ, ఇద్దరిలో ఎవరూ దిగలేదనీ చెప్పాడు. ఆవిడ స్కూటర్ మీద వచ్చింది. దారిలో కూడబెట్టుకున్న తిట్లలో సగం తమ్ముడికి అప్పజెప్పి, మిగతా సగంతో గుట్టెక్కింది. ఒంటరిగా ఉండటానికి భయమేసి తమ్ముడూ వెనకాలే ఎక్కాడు.

డాక్టరు మళ్ళీ పెదవుల మీద వేలు పెట్టాడు. ఆవిడ ఆ వేలిని లక్ష్యపెట్టలేదు గానీ, కెమెరాకు కన్ను ఆనించి, గూటి అంచున రెక్కలు విప్పి విప్పి ఆగిపోతున్న పిల్లను చూసి తనూ ఆగిపోయింది. ఎగరాలనీ ఉంది, భయంగానూ ఉంది దానికి. తెచ్చిన తిట్లు అలాగే మిగిలిపోయాయి.

ఒకరు పట్టే గుడారంలో నలుగురు. ఎదుటి మోడు మీద గద్ద ఎర పట్టుకుని కూర్చుంది. గూట్లో పిల్ల ఆకలితో అరుస్తోంది. తల్లి కదలదు.

"దానికి లెక్కలు రావన్నారుగా?" అంది భార్య గుసగుసగా.

"రావు. కానీ ఎవరో ఒకరు బయటికెళ్తే గానీ నమ్మదు."

"నేనిప్పుడేగా వచ్చింది," అంది ఆవిడ, కన్ను తీయకుండా.

"నేనోసారి వెళ్ళొచ్చాను బావా," అన్నాడు బావమరిది.

"నేను డ్యూటీలో ఉన్నాను సార్," అన్నాడు గార్డు.

పిల్ల మళ్ళీ అరిచింది. డాక్టరు ముగ్గురి మొహాలూ చూశాడు. రోజూ చూసే నోళ్ళలాంటివే, కాకపోతే ఎవరూ అడగకుండా తెరుచుకున్నవి. టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు.

గుట్ట దిగి, చెట్టు దాటి నడిచిపోతుండగా ఒక నీడ అతని మీదుగా జారింది. ఒళ్ళంతా ఒక్కసారి చల్లబడి మళ్ళీ వెచ్చబడింది. తిరిగి చూడమని మెడ నరాలు లాగాయి. చూడలేదు. చూస్తే అది ఆగిపోతుందేమో. మూడేళ్ళలో దానికి అంత దగ్గరగా అతను ఎన్నడూ లేడు.

ఆ ఫొటో ఇప్పుడు ఆసుపత్రి గోడ మీద ఉంది. తీసింది భార్య. గద్ద రెక్కలు రెండూ వెనక్కి విరిచి, గోళ్ళు ముందుకు చాచి దిగుతోంది. పిల్ల నోరు తెరిచి పైకి చూస్తోంది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు నొప్పి మరిచి దాని ముందు నిలబడిపోతారు.

కుడి మూల ఆ టోపీవాడు అడ్డం పడకుండా ఉంటే ఇంకా బాగుండేదని డాక్టరుతోనే అంటారు.