లతీఫ్ ఓవెన్‌లో ఊదు వాసన

ఆ పొద్దున లతీఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య జాహేదా మార్కెట్ నుంచి తిరిగొచ్చేలోగా, ఆమె బిస్కెట్ల ఓవెన్‌లో అయిదు సర్క్యూట్ బోర్డులు కాల్చి, ఓవెన్‌ను తుడిచి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేయాలి. పెళ్లాం సామాను ముట్టుకునే మగవాళ్ల పథకాలన్నీ ఇంత సులువుగానే మొదలవుతాయి.

నల్గొండలో రేడియోలు బాగుచేసే లతీఫ్‌కు ఇది తొలి ఆర్డరు. కరెంటు రాగానే పొలంలో మోటరును దానంతటదే నడిపించే బోర్డులవి. పక్క పల్లె రైతు జానయ్య తనకూ, తన ఊరి రైతులు నలుగురికీ కావాలన్నాడు. పన్నెండు గంటల బస్సుకు అందకపోతే హైదరాబాదు సరుకే కొనుక్కుంటానని కూడా అన్నాడు. అదే జరిగితే లతీఫ్ జన్మంతా పాత రేడియోల దుమ్ము దులుపుతూ ఉండాల్సిందే.

చేత్తో ఒక్కొక్క అతుకూ పెడితే రెండు రోజులు పడుతుంది. ఓవెన్‌లో అయితే అన్నీ ఒక్కసారే అతుక్కుంటాయని ఏదో పత్రికలో చదివాడు. జాహేదా గడప దాటగానే, ఓవెన్ వేడి మితిమీరకుండా ఆపే మీటను పీకేశాడు. ఇక అతుకుల కోసం బోర్డుల మీద పూసిన సీసం కరిగి మెరవగానే తానే స్విచ్ ఆపాలి. నిమిషం ఆలస్యమైతే బోర్డులు మాడిన అప్పడాలే.

ఓవెన్ వేడెక్కింది. సీసంలో కలిపిన గుగ్గిలం పొగ కిటికీలోంచి పక్కింటి సుక్కమ్మ ముక్కుకు, ఫాతేహా ప్రార్థనప్పుడు వేసే ఊదు వాసనలా తగిలింది. ఆమె మనుమడికి మూడు రోజులుగా జ్వరం. చక్కెర పొట్లంతో వచ్చేసింది.

"ఫాతేహా చదువుతున్నవా కొడుకా? ఒక్క మాటన్న చెప్పకపోతివి! గీ చక్కెర మీద గూడ జర చదువు."

నిజం చెబితే ఓవెన్ సంగతి జాహేదా చెవిన పడుతుంది. "అవునవ్వా," అన్నాడు లతీఫ్.

ఆ ఒక్క అవునే కొంప ముంచింది. సుక్కమ్మ గోడ మీంచి వాడకంతా కేకేసింది. పది నిమిషాల్లో ముందుగదిలో ఎనిమిది చక్కెర పొట్లాలు, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, వాకిట్లో పాలివ్వని బర్రె ఒకటి. బోర్డుల కోసం వచ్చిన జానయ్య ఆ గుంపును చూసి, చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి దిగులుగా నిలబడ్డాడు.

"ఎవరు పోయిన్రు లతీఫ్ భాయ్?"

"నా బోర్డులే పోతున్నయి జానన్నా!"

లతీఫ్ వంటింటి వైపు అడుగేశాడు. సుక్కమ్మ చెయ్యి పట్టుకుంది. "యాడికి పోతవ్? సగంల లేస్తే మంచిది గాదు కొడుకా!"

చేసేది లేక చేతులెత్తి కళ్లు మూసుకున్నాడు. చదివింది మనసారానే చదివాడు. పిల్లవాడి జ్వరం తగ్గాలని కోరుకున్నాడు, ఆ వెంటనే బోర్డులు బతకాలని కోరుకున్నాడు. సరిగ్గా అప్పుడే తలపైన ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది!

లతీఫ్ వంటింట్లోకి ఉరికాడు. అప్పుడే కూరగాయల సంచితో వచ్చిన జాహేదా వెనకే పరుగెత్తింది.

"యా అల్లా! నా ఓవెన్‌ను ఏం చేసిన్రు?"

లతీఫ్ ఓవెన్ తలుపు తెరిచాడు. అయిదు బోర్డుల మీదా అతుకులు చుక్కల్లా మెరుస్తున్నాయి. సీసం కరిగిన క్షణానికే కరెంటు పోయింది. లతీఫ్ కళ్లలో నీళ్లు చూసి జాహేదా కోపం సగానికి దిగింది.

"సీసం తగిలిన దాంట్ల ఇగ తిండి వండొద్దు. ఇది మీరే ఉంచుకోన్రి. నాకు మాత్రం కొత్తది కావాలె."

తలగుడ్డ చుట్టుకుంటూ జానయ్య నవ్వాడు. "ఇన్నేండ్లల్ల కరెంటు పోయి మంచి చేసుడు ఇయ్యాలనే చూసిన!"

మర్నాడు మళ్ళీ వచ్చాడు. "మోటర్లన్నీ వాటంతటవే లేసినయి. ఇంకో పది కావాలె భాయ్." సుక్కమ్మ మనుమడు అప్పటికే వాడంతా ఉరుకుతున్నాడు. ఆమె మళ్ళీ చక్కెర పొట్లం తెచ్చింది.

లతీఫ్ చక్కెర తీసుకున్నాడు గానీ, ఈసారి స్విచ్ పక్కనుంచి కదల్లేదు. నల్గొండలో కరెంటు పోతుందనే గట్టి నమ్మకం ఆయనకుంది, సమయానికి పోతుందనే నమ్మకమే లేదు.