కరకట్టకు కన్నాలే కళ

కరకట్ట గట్టిగా ఉన్న ఊరంత దౌర్భాగ్యపు ఊరు ఇంకొకటి ఉండదు.

ఆలోచించండి! కట్ట గట్టిగా ఉంటే వరద వస్తుంది, చూస్తుంది, తన దారిన తను పోతుంది. ఇక ఆ ఊళ్ళో వీరుడయ్యేదెవరు? పేపర్లో ఫొటో పడేదెవరికి? పక్కింటివాడి పేరైనా తెలియకుండానే మనుషులు ముసలివాళ్ళైపోతారు!

ముర్రే నది ఒడ్డున ఉన్న మా టల్లగోరా ఊరికి ఆ దురదృష్టం లేదు. మా కట్టకున్న కన్నాలు జల్లెడకు కూడా లేవు. అవి ఊరికే వచ్చాయనుకుంటున్నారా?

మొదటి పుణ్యం కుందేళ్ళది. నదివైపు దూరి ఊరివైపు తేలేలా బొరియలు తవ్వాయి. మా కౌన్సిల్ దయగలది. ఆ బొరియల్లో ఎండుగడ్డీ, పాత పరుపు ముక్కలూ కుక్కించి, పైన నాలుగు పారల మట్టి చల్లించింది. అవి కుళ్ళాక కుందేళ్ళకు పడకగది ఇంకా విశాలమైంది!

రెండో పుణ్యం నీలగిరి చెట్లది. వేళ్ళు కట్టను చీలుస్తున్నాయని ఎవరో అనగానే చెట్లు నరికించారు. వేళ్ళు మాత్రం లోపలే ఉండిపోయాయి. పదేళ్ళలో అవి చివికిపోయి, కట్టలో చెయ్యి దూరేంత గొట్టాలు తయారయ్యాయి. ఒక్క ఇంజినీరు కూడా చెమటోడ్చకుండా పైపులైను పడింది!

మూడోది నా స్వహస్తాలతో చేసినది. మా ఊళ్ళో ప్రతి ఇంటివాడికీ కట్ట మీదుగా నదిలోకి పడవ దించే సొంత దారి ఉంటుంది. ఆ హక్కు తాతలనాటిది. పడవలు దించడానికి కౌన్సిల్ ఒక ర్యాంపు కట్టించిన మాట నిజమే. కానీ అక్కడికి పోవాలంటే పది నిమిషాలు! అందుకని నా పికప్ బండి, దాని వెనక పడవ, పందొమ్మిదేళ్ళుగా ఒకే చోట కట్ట ఎక్కి దిగాయి. వాన కురిసి మట్టి మెత్తబడ్డ రోజుల్లో కూడా మానలేదు. అక్కడ కట్ట మోకాలెత్తు కుంగింది. ఆ తర్వాత గేరు మార్చే పని కూడా లేకపోయింది.

ఆ పల్లానికి ఎదురుగా, ఊరివైపు, గ్లెనిస్ ఇల్లు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఒకప్పుడు పాడి నడిపింది. ఊరి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడమే ఇప్పుడామె వృత్తి. ప్రతి ఆదివారం కర్ర పట్టుకుని కట్టంతా నడిచేది. కన్నం కనబడ్డ చోటల్లా ఎర్రగుడ్డ కట్టిన పుల్ల పాతేది. చివరికి మా కట్ట పెళ్ళిపందిరిలా తయారైంది.

కౌన్సిల్ మీటింగులో ఆమె చెప్పేది ఒకటే మాట. బొరియలు పూర్తిగా తవ్వి, బంకమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టమనేది. కుళ్ళిన వేళ్ళు పెరికేసి, పైన గడ్డి పెంచమనేది. ఆ పల్లానికైతే రెండు లారీల మట్టి, ఒక్క మధ్యాహ్నం పని చాలనేది. ఇంత చిన్న పనికి ఎవరైనా రిబ్బను కత్తిరిస్తారా చెప్పండి?

నాతోనూ అంది.

"నాయనా, నీ బండి ఎక్కినప్పుడల్లా కట్ట ఓ దోసెడు తరుగుతోంది. ఆ తరిగేది నా గుమ్మమే."

కాడ్ చేపల సీజన్ అయ్యాక చూద్దామన్నాను. సీజన్ అయ్యాక పడవకు రంగు వేసుకోవాలి కదా!

ఈ అక్టోబరులో వరద వచ్చింది. ఆహా, ఏం పండగండీ! నాలుగొందల మందిమి ఇసుక బస్తాలతో కట్టెక్కాం. పదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు బస్తా చెరో కొసా పట్టుకున్నారు. సాసేజీలు కాలుతున్నాయి, బీరు చేతులు మారుతోంది. ఊరివైపు ఒక చోట నీళ్ళు ఊరడం చూసి ముగ్గురు వీరులు దాని నోట్లో బస్తాలు కుక్కారు.

గ్లెనిస్ కర్ర అడ్డం పెట్టింది. మూయొద్దని, చుట్టూ బావిగట్టులా బస్తాలు పేర్చి నీళ్ళను లోపల లేవనివ్వమని చెప్పింది. ఊట తేటగా ఉన్నంతసేపు భయం లేదట, బురదగా వస్తే లోపల కట్ట కరిగిపోతున్నట్టట. వీరులకు వినే తీరికేదీ? అక్కడ మూసిన ఊట గజం అవతల మూడు చోట్ల లేచింది, బురదబురదగా.

అప్పుడు మా సహాయ దళం నాయకుడు మ్యాపు పరిచి, కట్టను వదిలేసి వెనక రోడ్డు మీద బస్తాల గోడ కడదామన్నాడు. కట్టాం. ఎంత చక్కటి గోడ! ఊరంతా దానికి ఇటువైపు. అటువైపు ఒకే ఒక్క ఇల్లు. ఎవరిదో వేరే చెప్పాలా?

మధ్యాహ్నానికి నది నా పల్లంలోంచి పొర్లింది. గంటలో అక్కడే గండి పడింది. పందొమ్మిదేళ్ళు పడవను నది దగ్గరికి ఈడ్చుకెళ్ళాను, ఇప్పుడు నదే పడవ దగ్గరికి నడిచొచ్చింది!

బస్తాలు మోసిన మా అందరికీ వచ్చే నెల పతకాలిస్తున్నారు. నాక్కూడా! బొరియ పూడ్చినవాడికి పతకమిచ్చిన ఊరు ఎక్కడైనా ఉందా?

గ్లెనిస్‌ను బయటికి తెచ్చింది నా పడవే. ఆమె వరండాలో నడుంలోతు నీళ్ళలో నిలబడి, కెటిల్‌నూ మొగుడి ఫొటోనూ తువ్వాల్లో చుట్టి పట్టుకుని ఉంది. ఎక్కించుకున్నాను. దారంతా తిట్లకోసం ఎదురుచూశాను. జవాబులు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. కుందేళ్ళున్నాయి, వేళ్ళున్నాయి, కౌన్సిల్ ఉంది.

గోడ దగ్గరపడ్డాక ఆమె నోరు విప్పింది.

"మీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయా నాయనా?"

రాలేదన్నాను.

"పోన్లే, అదే నయం" అంది.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె మొహంలో చాలాసేపు వెతికాను. లేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.