సింగారి అడవి మారిన వైనం

ఒక పెద్ద అడవి ఉండేది గానీ, మధ్యగా ఏరు పారడంతో అది రెండు అడవులైంది. తూర్పు గట్టుది తూర్పడవి, పడమటి గట్టుది పడమటడవి. ఈ గట్టు జంతువుకీ ఆ గట్టు జంతువుకీ తేడా ఏమిటని అడిగితే పెద్దలు కాసేపు ఆలోచించి, "వాళ్లు అటువైపు వాళ్లు" అనేవారు.

తూర్పడవిలో సింగారి అనే కొండముచ్చు టెన్నిస్ ఆడేది. ఎవరికి వారు ఆడుకునే పోటీల్లో అడవి అడవికీ తిరిగి, ర్యాంకుల్లో పదకొండో స్థానానికి వచ్చింది. ఏటేటా జరిగే అడవుల కప్పులో మాత్రం జట్టుగా ఆడాలి. ఆ జట్టులోకి సింగారిని ఆరేళ్లుగా ఎవరూ పిలవలేదు.

గెలిచినా ఓడినా ఒంటరిగా సంచీ సర్దుకుని బయల్దేరడం సింగారికి విసుగెత్తింది. బెంచీ మీద పక్కన కూర్చుని "పోనీలే, తర్వాతది చూసుకో" అనే నోరొకటి ఉంటే బాగుండుననిపించేది.

ఆ ఏడు ధైర్యం చేసి తూర్పు క్రీడా సంఘం అధ్యక్షుడు, ఎలుగుబంటి భల్లూకరావు దగ్గరకు వెళ్లింది.

"నువ్వు మా గర్వకారణం అమ్మా," అన్నాడు భల్లూకరావు తేనె నాకుతూ. "కానీ జట్టులో నలుగురే కదా. ఇద్దరు మా తమ్ముడి పిల్లలు. ఒకరు కార్యదర్శిగారి అల్లుడు."

"మరి నాలుగోదండీ?"

"ఖాళీ. ఒక్క ఖాళీ అయినా ఉంటేనే గదమ్మా, నీలాంటివాళ్లు సంఘం దాకా వచ్చేది!"

ఈ సంగతి ఏరు దాటింది. మూడోరోజున పడమటి క్రీడా సంఘం అధ్యక్షుడు, అడవిపంది వరాహమూర్తి పూలదండతో దిగాడు.

"మా అడవికి వచ్చేయమ్మా. జట్టులో మొదటి పేరు నీదే."

"నేను ఇక్కడ పుట్టానండీ."

"కాదన్నదెవరు? మీ ముత్తాత ఒకసారి మా గట్టున నీళ్లు తాగాడని మా గుమాస్తా రాసిపెట్టాడు. రక్తసంబంధం లేకపోయినా జలసంబంధం ఉంది."

సింగారి రెండురోజులు ఏటి ఒడ్డున కూర్చుని ఆలోచించింది. చివరికి ఒకటే అడిగింది. "ఆట మధ్యలో బెంచీ మీద నా పక్కన ఎవరైనా కూర్చుంటారా?"

"ఎవరో ఎందుకు, నేనే కూర్చుంటాను," అన్నాడు వరాహమూర్తి. సింగారి వేలిముద్ర వేసింది.

మర్నాడు తూర్పడవి భగ్గుమంది. "కంటికి రెప్పలా చూసుకున్నామే!" అని భల్లూకరావు సభలో కళ్లు తుడుచుకున్నాడు. సింగారి దిష్టిబొమ్మను తగలబెట్టారు. బొమ్మకు తోక పొట్టిగా పెట్టడంతో, అది తమ బొమ్మేనని కోతుల సంఘం ఫిర్యాదు ఇచ్చింది.

అవతల పడమటి జట్టులో సింగారికి చోటివ్వాలంటే ఒకరిని తీసేయాలి. పదేళ్లుగా ఆడుతున్న ముంగిస గవరయ్యను పిలిచి, "అడవి కోసం త్యాగం చెయ్యి," అన్నాడు వరాహమూర్తి. గవరయ్య సరేనని ఆ సాయంత్రమే ఏరు దాటాడు.

భల్లూకరావు ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. "పరాయి అడవి ఆటగాడు! ఆ నడకే వేరు!" ఆరేళ్ల ఖాళీ ఆరు నిమిషాల్లో నిండింది.

ఫైనల్ పడమటి మైదానంలో ఆ రెండు అడవులకే పడింది. చెరి రెండు ఆటలు గెలిచారు. ఆఖరి ఆట సింగారికీ గవరయ్యకీ.

పడమటి జంతువులు అలవాటుకొద్దీ "కొట్టు గవరయ్యా!" అని అరిచి, నోరు మూసుకున్నాయి. దిష్టిబొమ్మ తగలబెట్టిన తూర్పువాళ్లు సింగారి దెబ్బకు చప్పట్లు కొట్టి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

మొదటి సెట్ సింగారి గెలిచింది. వరాహమూర్తి బెంచీ మీద పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాడు. రెండోది ఓడింది. ఆయన బెంచీ చివరికి జరిగాడు. మూడోదాంట్లో వెనకబడి సింగారి తిరిగి చూసేసరికి బెంచీ మీద విసనకర్ర మాత్రమే ఉంది.

ఆఖరి బంతి సింగారి వైపు నేలకు తగిలి, లేవాల్సింది లేవకుండా పక్కకు జారిపోయింది. కప్పు తూర్పడవిదైంది.

"అక్కడ ఎలుక బొరియ ఉంది," అన్నాడు గవరయ్య, నెట్ దగ్గర చెయ్యి కలుపుతూ. "పూడ్చమని పదేళ్లుగా చెప్పాను."

"మరి పూడ్చలేదేం?"

"నేను ఇక్కడివాణ్ని కదా. ఎవరు వింటారు?"

సింగారికి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. గవరయ్య కూడా నవ్వాడు.

వారం తిరక్కుండా పడమటి సంఘం సమావేశమై, 'తూర్పడవి మేటి ఆటగాడు' గవరయ్యను ఎలాగైనా తెచ్చుకోవాలని తీర్మానించింది. గవరయ్య వెళ్లాడు. సింగారి పేరు కొట్టేశారు. తూర్పులో మళ్లీ ఒక చోటు ఖాళీ అయింది.

భల్లూకరావు సింగారికి మేళతాళాలతో కబురంపాడు. సభలో దండ వేసి, "పరాయి గడ్డ నుంచి విచ్చేసిన మహా క్రీడాకారిణి" అని పరిచయం చేశాడు. ఆమె మాటలు అనువదించడానికి పక్కన ఒక చిలుకను కూడా నిలబెట్టాడు.

"అయ్యా, నేను సింగారిని. ఇక్కడిదాన్నే," అంది సింగారి మెల్లగా.

భల్లూకరావు కంగారుగా చెవి దగ్గరకు వంగాడు. "ఆ మాట బయట అనకమ్మా. జట్టులో చోటు పోతుంది."

సింగారి గొంతు సవరించుకుని, "అందరికీ నమస్కారం," అంది.

చిలుక దాన్ని తూర్పు భాషలోకి మార్చి, "అందరికీ నమస్కారం," అంది. సభ చప్పట్లతో మారుమోగింది.

నీతి: సొంత అడవిలో చోటు కావాలంటే, ముందు పరాయివాళ్లై రావాలి.