నల్లకోట జనరల్ మజ్దూర్

బొగ్గు తవ్వే మనిషికి ఉండవలసిన అర్హతల్లో మహాసర్పాన్ని సంహరించడం ఒకటని ప్రపంచంలో మొట్టమొదట గుర్తించిన ఘనత ఉత్తర తీర ఖనిజ సంస్థకే దక్కుతుంది. మిగతా దేశాలు ఆ దిశగా ఇంకా ఆలోచించడమే మొదలుపెట్టలేదు.

సంగతేమిటంటే, సంస్థ పెద్దాఫీసు ఒక సర్క్యులర్ తీసింది. బొగ్గుబాయిలో పనిచేసి, ఆరోగ్యం చెడి, అన్‌ఫిట్ అయిన కార్మికుడి ఉద్యోగాన్ని వారసుడికిచ్చే ముందు ఆ వారసుడికి ‘రోల్ ప్లే’ శిక్షణ ఇవ్వాలని. అంటే ఒకరు ఆఫీసరుగా, ఇంకొకరు మజ్దూరుగా నటిస్తూ మర్యాదగా మాట్లాడటం నేర్చుకోవాలన్నమాట. కొనుగోలు విభాగం ఆ రెండు మాటలు పట్టుకుని టెండరు పిలిచింది. అందరికంటే తక్కువ ధరకు ‘రోల్ ప్లేయింగ్’ అని రాసున్న సరుకొకటి వచ్చింది. విప్పి చూస్తే ముప్పై ఏళ్ల నాటి కంప్యూటర్ ఆట. పేరు నల్లకోట. కత్తి పట్టుకున్న వీరుడొకడు ఊళ్లు తిరిగి, ఎదురైన వాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పిన పనులు చేసి, చివరకు కోటలోని మహాసర్పాన్ని చంపి కిరీటం తేవాలి.

(డబ్బాను బిల్లు చెల్లించాకే విప్పారు. ముందే విప్పితే కొనబుద్ధి కాకపోయే ప్రమాదముంది.)

తప్పు జరిగిందని ఒప్పుకుంటే విచారణ వేయాలి. విచారణ వేస్తే ఎవరో ఒకరు దొరుకుతారు. కనుక తప్పేమీ జరగలేదని తేల్చి, నల్లకోట పూర్తిచేసి కిరీటం తెచ్చిన వాళ్లకే నియామక పత్రమని మరో సర్క్యులర్ తీశారు.

అది సిద్దులగుట్ట కాలనీలో నర్మద నెత్తిన పడింది.

నర్మద తండ్రి పోశం వయసంతా బొగ్గుబాయిలో పోసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకుని అన్‌ఫిట్ అయ్యాడు. నర్మద ఒక్కతే బిడ్డ. ఈ నెలాఖరుకు ఆమెకు ముప్పై ఐదు నిండుతాయి. నిండితే ఆమె వారసురాలు కాదు. (కూతురుగా కొనసాగవచ్చు, సంస్థకు అభ్యంతరం లేదు.) వారసురాలు కాకపోతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అంటే నెలాఖరులోగా పామైనా చావాలి, లేదా ఇంట్లో సామానైనా ట్రాలీ ఎక్కాలి.

శిక్షణ పాత క్లబ్బు హాల్లో. బరువైన పాత మానిటర్ల ముందు వారసులంతా కూర్చున్నారు. శిక్షణాధికారి అరుణ్‌కుమార్ ప్రారంభోపన్యాసం చేశాడు.

“ఇది ఆట కాదు, శిక్షణ. కాబట్టి ఎవరూ ఆనందించకూడదు.”

మీట నొక్కగానే ఆట అడిగింది: సులభమా, మధ్యమమా, కఠినమా? నర్మద సులభం మీదికి బాణం జరిపింది. అరుణ్‌కుమార్ పరుగున వచ్చాడు.

“అమ్మా, చెయ్యి తియ్యండి! సులభంగా ఉద్యోగాలిచ్చిండ్రని ఆడిటోళ్లు రాస్తే నేనేం చెప్పాలె?”

“మరి సులభం ఎవలకు సారూ?”

“డైరెక్టర్ స్థాయి వాళ్లకు. వాళ్లకు పని ఒత్తిడి ఎక్కువ.”

అలా కఠినం ఖాయమైంది. ఊరు దాటగానే తోడేళ్లు నర్మద వీరుణ్ణి తిన్నాయి. మళ్లీ బయల్దేరితే మళ్లీ తిన్నాయి. వీరుడు చచ్చిన ప్రతిసారీ ప్రమాద నివేదిక రాయాలి. తోడేలు విధుల్లో ఉందా? వీరుడు హెల్మెట్ ధరించాడా? నివేదికలు రాసి రాసి వేళ్లు నొప్పెట్టాక, నర్మద తోడేళ్ల కంటే ముందు నివేదికల నుంచి తప్పించుకోవాలని నిశ్చయించుకుంది. సంచిలోని రొట్టె విసిరితే తోడేళ్లు రొట్టె కోసం వాటిలో అవే కొట్టుకుంటాయని కనిపెట్టింది. ఎడంవైపు బావి గట్టు చుట్టూ తిరిగితే అవి మలుపు దగ్గర చిక్కుకుంటాయని కనిపెట్టింది. వారం తిరిగేసరికి హాలంతా ఆమె వెనక నిలబడి చూడసాగింది.

తోడేళ్లు దాటితే గుహ. గుహ వాకిట్లో ఒక దీపం పడి ఉంటుంది. గుహ అవతల కోట తలుపు. తలుపు దగ్గర ద్వారపాలకుడు.

నర్మద దీపం తీసుకుంది. గుహ దాటింది. ద్వారపాలకుడితో మాట్లాడింది.

“రేపు రా,” అన్నాడు ద్వారపాలకుడు.

నర్మద వీరుణ్ణి సత్రంలో పడుకోబెట్టి, తెల్లారాక మళ్లీ వెళ్లింది. రేపు రమ్మన్నాడు. వెళ్లింది. రేపు రమ్మన్నాడు. పక్క కంప్యూటర్ల మీదా ఇదే. హాల్లో ఇంతమంది ఉండి, ఇన్ని రోజులుగా తిరుగుతూ, ఇందులో ఏదో తేడా ఉందని ఒక్కరికీ అనుమానం రాలేదు. తలుపు దగ్గర కూర్చున్నవాడు రేపు రమ్మనక ఇంకేమంటాడు? పైగా ఆట చాలా సహజంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

పక్క సీటు అంజి మాత్రం లోకజ్ఞానం ఉన్నవాడు. తండ్రి అన్‌ఫిట్ కాగితాల కోసం మూడేళ్లు తిరిగిన అనుభవం. తన వీరుడి దగ్గరున్న బంగారమంతా ద్వారపాలకుడి చేతిలో పెట్టాడు.

“రేపు రా.”

అంజి నర్మద వైపు తిరిగాడు. “అక్కా, జర గిది చూడు. పైసలు గుంజుకొని గూడ రేపు రమ్మంటుండు.”

ఇది మామూలు విషయం కాదని యూనియన్ నాయకుడు దశరథాన్ని పిలిపించారు. దశరథం స్క్రీన్ ముందు కుర్చీ వేసుకుని, కేసు పూర్తిగా విన్నాడు.

“పైసలు తీసుకున్నడా?”

“తీసుకున్నడన్నా.”

“మొత్తం?”

“సంచి దులిపిచ్చిన.”

“పైకి వాటా పోవాల్నని ఏమన్న అన్నడా?”

“ఏం అనలే. రేపు రా అన్నడు, గంతే.”

దశరథం గడ్డం నిమురుకున్నాడు. “నా సర్వీసుల అందరిని చూసిన. పైసలు ఇయ్యకుంటే పని చెయ్యనోన్ని చూసిన. పైసలు తీసుకొని పని చేసినోన్ని చూసిన. పైసలు తీసుకొని గూడ చెయ్యనోడు మన దగ్గర లేడు. తమ్మీ, గిది మనిషి తప్పు గాదు. మెషిన్ తప్పే.”

ఈ విధంగా నల్లకోటలో లోపం ఉన్నట్టు అధికారికంగా నిర్ధారణ అయింది.

లోపమెక్కడో మాత్రం ఎవరికీ తెలియలేదు. నెల సగం దాటిపోయింది. ఒకరోజు ఆట మళ్లీ మొదట్నుంచి ఆడుతుండగా రొట్టె అయిపోయి, తోడేలు వెంటపడి, నర్మద వీరుడు దీపాన్ని కూడా తీసుకోకుండా చీకటి గుహలో పడి పరిగెత్తాడు. గోడలకు గుద్దుకుని, గుంటల్లో పడి లేచి, సగం ప్రాణంతో కోట తలుపు చేరాడు. ద్వారపాలకుడు నోరు విప్పాడు.

“వీరుడా, నా దీపం గుహ వాకిట్లో పోయింది. తెచ్చిస్తే తలుపు తీస్తాను.”

ఆ మాట పూర్తయ్యేలోపే వెనక నుంచి తోడేలు తన పని పూర్తిచేసింది. నర్మద మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది.

“అంజీ! మనం దీపం ముందుగాల తీసుకుంటున్నం. ఆయన అడిగినంక తేవాలె. అడగకముందే మన చేతిల ఉంటే ఆయనకు అడుగుడు యాదికొస్తలేదు.”

“అడగకముందే తెచ్చిస్తే తప్పా అక్కా? ముందే తెస్తే ఇంకా మంచిది గదా?”

“మనకు మంచిది. ఆయనకు గాదు.”

ఆట రాసిన పెద్దమనిషి ఏ దేశంలోనో కూర్చుని, గుహ చూసిన ఏ మనిషైనా మొదట అవతలికి వెళ్లి మాట్లాడి, తర్వాత వెనక్కొచ్చి దీపం తీసుకుంటాడని నమ్మాడు. ఆయన బొగ్గుబాయి కాలనీ చూడలేదు. ఇక్కడ పిల్లలకు బడికంటే ముందు, బాయిలోకి దిగేవాళ్లు దీపాలు తీసుకునే ల్యాంపు రూము తెలుస్తుంది. భూమిలో రంధ్రం, పక్కన దీపం కనిపిస్తే సిద్దులగుట్టలో పుట్టినవాడు ఏం చేస్తాడో వేరే చెప్పాలా? ఏ ఒక్క వారసుడూ దీపం వదిలి అడుగు లోపల పెట్టలేదు. బాయి క్రమశిక్షణ ఒంటికి పట్టిన వాళ్లంతా కోట బయట ఆగిపోయారు. ఆ విధంగా చూస్తే పరీక్ష తన పని తాను చేసుకుపోతోంది.

దీపం ముట్టకుండా గుహ దాటాలి. తర్వాత వెనక్కొచ్చి తీసుకోవాలి. అంతే.

అరుణ్‌కుమార్ ఈ పరిష్కారాన్ని పెద్దాఫీసుకు రాశాడు. (రాయకుండా ఊరుకుంటే కథ ఇక్కడే ముగిసేది.) పెద్దాఫీసు దాన్ని సేఫ్టీ విభాగానికి పంపింది. సేఫ్టీ ఆఫీసరు స్వయంగా జవాబిచ్చాడు: వెలుతురు లేకుండా భూగర్భంలో ప్రవేశించడం తీవ్ర నేరం. ఏ అభ్యర్థి వీరుడైనా దీపం లేకుండా గుహలో అడుగుపెడితే సదరు అభ్యర్థిపై క్రమశిక్షణ చర్య తప్పదు.

“సారూ, దీపం తీసుకుంటే తలుపు తియ్యడు. తీసుకోకపోతే మీరు చార్జిషీటిస్తరు. నేనెటు పోవాలె?” అంది నర్మద.

“రెండు దారులూ తెరిచే ఉన్నయమ్మా,” అన్నాడు అరుణ్‌కుమార్ ఓదార్పుగా. “ఒకదాని చివర తలుపు మూసుంది, అంతే.”

ఇంట్లో సంగతి చెబితే పోశం కంచం ముందునుంచి లేచాడు.

“లైటు లేకుండ లోపలికి దిగుతవా? నా బిడ్డవేనా నువ్వు? రేపు నలుగురిల నా ఇజ్జతేం గావాలె?”

“అది ఉత్త బొమ్మ బాపూ.”

“బొమ్మకు మాత్రం ప్రాణం తీపి గాదా?”

తల్లి నాగవ్వ అన్నం గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది. “ఇజ్జత్ సంగతి పైలంగ పక్కన పెట్టు. గీ ఇల్లు పోతే ఆ మంచం యాడ ఏస్తవో గది చెప్పు.”

పోశం మంచం వైపు చూశాడు. తర్వాత తగ్గిన గొంతుతో, “ఒక్క చెయ్యి గోడ మీదనే ఉంచు బిడ్డా,” అన్నాడు.

నెలాఖరు రోజు. నర్మద సంచి నిండా రొట్టెలు నింపుకుని బయల్దేరింది. తోడేళ్లను బావి చుట్టూ తిప్పి వదిలింది. గుహ వాకిట్లో దీపం మెరుస్తోంది. హాల్లో నూరు చేతులు అప్రయత్నంగా ముందుకు చాచుకున్నాయి. “తీసుకో! తీసుకో!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. నర్మద పళ్లు బిగించి దాటేసింది.

చీకట్లో మూడుసార్లు గుంటలో పడింది. గోడ వదలలేదు. తలుపు దగ్గర ద్వారపాలకుడు దీపం అడిగాడు. వెనక్కి వెళ్లి, తెచ్చి, ఇచ్చింది.

తలుపు తెరుచుకుంది.

“అబ్బ! పని చేసిండు!” అన్నాడు దశరథం. ఇలాంటిది కళ్లతో చూడటం అతనికీ కొత్తే.

లోపల మహాసర్పం. మొదటి దెబ్బకే వీరుడి ప్రాణం ముప్పావు పోయింది. రెండో దెబ్బ పడితే క్వార్టర్ పోతుంది. నర్మద వీరుణ్ణి వెనక్కి, తలుపు అవతలికి లాగింది. సర్పం వెంట వచ్చింది. పెద్ద తల, చిన్న తలుపు. ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు, కోరలు మాత్రం ఆడిస్తుంది. నర్మద నాలుగు అడుగుల దూరంలో వీరుణ్ణి నిలబెట్టి రాళ్లు విసరడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా విసిరింది.

“సారూ, పాము ఇరుకుడు గూడ లోపమే గదా?” అంజి అడిగాడు.

“సంస్థకు పనికొచ్చేదాన్ని లోపమనరు,” అన్నాడు అరుణ్‌కుమార్. “విధానం అంటరు.”

సర్పం చచ్చింది. కిరీటం వచ్చింది. హాల్లో చప్పట్లు మోగుతుండగా సేఫ్టీ ఆఫీసరు చార్జిషీటుతో లోపలికొచ్చాడు.

“నర్మద అంటే మీరేనా? భూగర్భంలో దీపం లేకుండా ప్రవేశించారు. మీ మీద సస్పెన్షన్.”

అక్కడే చిక్కొచ్చిపడింది. ఉద్యోగి కాని మనిషిని సస్పెండ్ చేయడం నిబంధనలకు విరుద్ధం. సస్పెండ్ చేయకుండా వదలడం సేఫ్టీకి విరుద్ధం. పెద్దాఫీసుకు ఫోన్లు వెళ్లాయి, వచ్చాయి. చివరకు దేశంలోని ఏ సంస్థా తీసుకోని మానవీయ నిర్ణయం వెలువడింది: సస్పెండ్ చేయడానికి వీలుగా ఆమెను వెంటనే ఉద్యోగంలోకి తీసుకోవాలి.

సాయంత్రం నాలుగింటికి జనరల్ మజ్దూర్‌గా నియామక పత్రం ఇచ్చారు. హాజరు మస్టర్‌లో సంతకం పెట్టించారు. ఐదింటికి సస్పెండ్ చేశారు. విచారణ ముగిసేదాకా సగం జీతం. ప్రధాన సాక్షి అయిన ద్వారపాలకుడికి హాజరు కావాలని నోటీసు పంపారు. అతను వచ్చేదాకా విచారణ ముగియదు.

“సారూ, జర నన్ను గూడ సస్పెండ్ చెయ్యున్రి. మీ బాంచెన్,” అని అంజి సేఫ్టీ ఆఫీసరు వెంటపడ్డాడు. అతని వెనక హాలంతా క్యూ కట్టింది.

నర్మద ఇంటికి వచ్చేసరికి పోశం గడపలోనే ఉన్నాడు.

“ఏమాయె బిడ్డా?”

“ఉద్యోగమొచ్చింది బాపూ. సస్పెండ్ చేసిండ్రు.”

పోశం కళ్లు మెరిశాయి. “సస్పెండ్ చేసిండ్రా? కాయితమిచ్చిండ్రా?”

“ఇచ్చిండ్రు.”

“అయితే పర్మనెంటే! ఇగ ఫికర్ లేదు,” అని లోపలికి తిరిగి, “నాగవ్వా, కట్టిన మూటలు విప్పు!” అని కేకేశాడు.

నెల తిరిగాక ఒకటో తారీఖున సగం జీతం పడింది. మూడు తరాలుగా బొగ్గు మీదే బతికిన ఆ ఇంట్లో, దగ్గకుండా జీతం లెక్కపెట్టుకున్న మొదటి మనిషి నర్మద.