పాత హెడ్‌ఫోన్స్‌కు కొత్త రిసీవర్

ఆ ఉదయం ఓంకార్ పెట్టుకున్న పని ఒక్కటే, చప్పుడు చేయకుండా ఉండటం. పది గంటలకు కూతురు తేజస్వినికి లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. కంపెనీ మడికొండ ఐటీ పార్కులో ఉంది. తాముండే కొత్తవాడ నుంచి స్కూటీ మీద పోయి రావచ్చు. మునుపు చెన్నైలో ఉద్యోగం వచ్చిన నెలలోనే తల్లి సావిత్రి పోయింది. తండ్రిని ఒక్కణ్ణి వదలలేక తేజస్విని ఆ ఉద్యోగం మానుకుంది. ఆ మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు, కాబట్టి ఓంకార్ ఎన్నడూ మరిచిపోలేదు. ఒక ఉద్యోగం తన వల్ల పోయింది. రెండోది పోకూడదు.

గది తలుపుకూ కిటికీకీ మందపాటి జంపఖానాలు వేలాడదీశాడు. పక్కింటి యాదవ్వను బతిమాలి ఆమె పవర్‌లూమ్‌ను గంటసేపు ఆపించాడు. ఇక ఆపవలసింది తననే. పొద్దున పాత పాటలు వినకపోతే ఓంకార్ ఇల్లంతా తిరుగుతాడు. తిరిగితే గిన్నెలు పడతాయి.

హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. సావిత్రి ఏరి కొన్నవి, చెవులు పూర్తిగా మూసేంత పెద్దవి. మెత్తలు చిరిగితే తానే నూలుదారంతో కుట్టుకున్నాడు. కానీ కొత్త ఫోనుకు పిన్ను గుచ్చే చోటు లేదు.

"వైర్లు లేనియి కొత్తయి కొనుక్కో బాపూ. అగ్గువకే దొరుకుతానయి" అంది తేజస్విని.

"ఇవి మంచిగనే ఉన్నయి గద బిడ్డా. ఫోనుకు బొక్క లేకుంటే వీటి తప్పా?"

అలా కొన్ని రోజుల ముందే రిసీవర్ వేట మొదలైంది. ఆయనకు కావలసింది ఫోను నుంచి వైరు లేకుండా పాటను అందుకుని హెడ్‌ఫోన్స్‌కు ఇచ్చే చిన్న డబ్బీ. హనుమకొండలో దుకాణం నడిపే రమాకాంత్ ఒకటి చేతిలో పెట్టాడు. దాన్ని హెడ్‌ఫోన్స్‌కు తగిలించుకుని ఓంకార్ రెండు రోజులు ఓపికగా కూర్చున్నాడు. పాట వినబడలేదు. తన చెవులే పోయాయేమో అనుకున్నాడు.

తేజస్విని డబ్బీని తిప్పి చూసింది. "ఇది పాటను పంపేది బాపూ, అందుకునేది కాదు. టీవీకి పెట్టుకుంటరు దీన్ని."

"పోనీ తియ్యి. ఎవరికన్న ఇద్దాం."

ఆమె పోనియ్యలేదు. రమాకాంత్ దుకాణంలో 'అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు కిందనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కొనడానికి వచ్చిన వాళ్లందరికీ జరిగింది మొదటి నుంచి వినిపించింది. చివరికి రమాకాంత్ మైకు కూడా ఉన్న మంచి రిసీవర్ తీసి, పైన ఒక్క రూపాయి కూడా అడగకుండా ఇచ్చి, కూతురి వెంట వచ్చిన ఓంకార్‌కు దండం పెట్టాడు.

"ఈ డబ్బీ కంపెనీ నుంచి ఫోనొస్తది సార్. జర నా గురించి మంచిగ చెప్పుండ్రి. మీ బిడ్డను మాత్రం మాట్లాడనియ్యకుండ్రి."

పనిచేస్తుందో లేదో చూద్దామని ఆ సాయంత్రం తేజస్విని దాన్ని తన లాప్‌టాప్‌కు కలిపి తండ్రికి ఒక పాట వినిపించింది. పాట బాగా వినబడింది. ఇద్దరూ సంతోషించారు. కొంప మునిగింది అక్కడే. అలాంటి డబ్బీలు కడపట ఎవరితో కలిశాయో మళ్లీ వాళ్లనే వెతుక్కుంటాయని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇంటర్వ్యూ నాడు పదికి ఐదు నిమిషాల ముందే ఓంకార్ బయటికి వచ్చి యాదవ్వ అరుగు మీద కూర్చున్నాడు. కూతురి గదికీ ఆ అరుగుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. రిసీవర్‌ను చొక్కా జేబుకు తగిలించుకుని బటన్ నొక్కాడు. పాట రాలేదు. ఒక ఆడగొంతు వచ్చింది.

"గుడ్ మార్నింగ్. నేను రమ్య. నా వాయిస్ వినబడుతోందా?"

రమాకాంత్ చెప్పినట్టే డబ్బీ కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు! "మంచిగ వినబడుతాందమ్మా" అన్నాడు ఓంకార్.

"ఎవరు మాట్లాడేది?"

"ఓంకార్‌నమ్మా. వస్తువు నా కోసమే తీసుకున్నం."

"ఇక్కడేదో ప్రాబ్లం ఉన్నట్టుంది సార్. ఏం జరిగిందో చెప్తారా?"

అడిగిన వాళ్లకు చెప్పకపోవడం మర్యాద కాదు. ఓంకార్ మొదటి డబ్బీ నుంచి మొదలుపెట్టాడు. రమాకాంత్ మంచివాడేనని మూడుసార్లు అన్నాడు. అంతలో యాదవ్వ చాయ్ తెచ్చింది. మగ్గాల చప్పుడులో బతికిన మనిషి కనుక ఆమె గొంతు ఎప్పుడూ మగ్గం మీద గెలిచేటంత ఉంటుంది.

"ఎవరే అన్నా ఫోన్ల? ఆ దుకాణమోని ముచ్చటేనా? మన పిల్ల వాణ్ని మూడు చెరువుల నీళ్లు తాగించింది గద! నోరా అది, కత్తెరా! మొన్న గ్యాసోణ్ని గుడ అట్లనే ఉరికిచ్చింది!"

హెడ్‌ఫోన్స్‌లో నవ్వు వినిపించింది. "మీ అమ్మాయి పేరేంటి సార్?"

"తేజస్విని. లోపల ఇంటర్వ్యూల ఉన్నదమ్మా. నీ పుణ్యముంటది, జర మెల్లగ మాట్లాడు."

"సార్," అంది రమ్య. ఆమె నిజంగానే మెల్లగా మాట్లాడింది. "ఆ ఇంటర్వ్యూ చేస్తున్నది మేమే."

ఓంకార్ చేతిలో చాయ్ ఒలికి మోకాలు కాలింది. ఆ సంగతి సాయంత్రానికి గానీ ఆయనకు తెలియలేదు. గభాలున హెడ్‌ఫోన్స్ పిన్ను పీకేశాడు. పిన్ను పీకితే మాట తెగుతుందన్నది ఆయన వైర్ల కాలం నాటి జ్ఞానం. కానీ మైకు ఉన్నది జేబుకు తగిలించిన డబ్బీలో.

"అయిపాయె యాదవ్వా!" అన్నాడు నెత్తి పట్టుకుని. "చెన్నై నౌకరి నా ముఖం చూసే ఇడిసిపెట్టింది. ఒక్కనాడు ఎత్తిపొడవలే. ఊరందరితోని కొట్లాడుతది గని నాతోని ఒక్క మాట అనదు. ఇయ్యాల దాని నోటికాడి బువ్వ గుంజుకున్న."

"అన్నా, ఆ డబ్బీ ఇంకా మెరుస్తాంది సూడు!" అంది యాదవ్వ. నీలం లైటు నిజంగానే మిణుకుమిణుకుమంటోంది. ఆమె ఆలోచించలేదు. లాక్కుని నీళ్ల బకెట్‌లో వేసింది.

లోపల, డబ్బీతో బంధం తెగడంతో, అంతసేపూ మూగగా ఉన్న లాప్‌టాప్‌కు ఒక్కసారిగా మాట వచ్చింది. "థాంక్యూ తేజస్విని. మాకు కావలసింది విన్నాం." ఆ వెంటనే వాళ్లు వెళ్లిపోయారు.

ఓంకార్ జంపఖానా తొలగించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"కొట్లాట ముచ్చట గుడ చెప్పినవా?" అని అడిగింది తేజస్విని.

"చెప్పిన బిడ్డా."

"గ్యాసాయన ముచ్చట?"

"అది యాదవ్వ చెప్పింది."

ఆమె కుర్చీలో కూలబడింది. "నాకు ఓపిక ఎక్కువ, కోపం రానే రాదు అని ఇంగ్లీషుల చెప్పుడు నేర్చుకున్న బాపూ. గా మాటొక్కటి తప్పులేకుంట చెప్పిన. అదే వాళ్లకు ఇనబడలే."

తండ్రిని మాత్రం తిట్టలేదు. తిడితే ఓంకార్‌కు కాస్త ప్రాణం లేచి వచ్చేది. ఫోను ఆపేసి గోడవైపు తిరిగి పడుకుంది. పడుకునే ముందు ఫ్యాను మాత్రం ఆయనవైపు తిప్పింది. గంట దాటి ఎంతసేపయినా యాదవ్వ మగ్గం నడపలేదు. ఓంకార్ రెండూ గమనించాడు. రెండింటికీ ఆయన కళ్లు నిండాయి. అన్నం వండాడు, ఇద్దరూ తినలేదు.

మధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. "రమ్యను సార్. తేజస్విని ఫోన్ కలవడం లేదు. రెండో నంబరు మీదే ఇచ్చారు."

"అమ్మా, తప్పంతా నాది. పిల్లకు ఇంకొక్క అవకాశం..."

"ఎందుకు సార్? తప్పు సరుకు పంపి, వాపసు తీసుకోం అనేవాళ్లతో మాట్లాడే టీమ్ మాది. వచ్చిన ప్రతి ఒక్కరూ మాకు ఓపిక ఎక్కువ అనే చెప్తున్నారు. ఓపిక ఉన్నవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. సరుకు మాత్రం వాపసు పోవడం లేదు. మీ అమ్మాయి సెలెక్ట్ అయింది."

ఓంకార్ కూతుర్ని తట్టి లేపి ఫోను చేతిలో పెట్టాడు. ఆమె విన్నది. ముఖం మొదట విప్పారింది, తర్వాత ఎర్రబడింది.

"నేను కొట్లాడుతనని ఎవరన్నరు మేడమ్? బాపు అంటే మీరు నమ్ముడేనా? నేను చెప్పింది ఒక్క ముక్క ఇనకుంటనే ఎట్ల సెలెక్ట్ చేస్తరు? ... సోమవారమే జాయినింగా? అట్లెట్ల కుదురుతది? ... రాత్రి డ్యూటీ అయితే క్యాబ్ ఎవరిస్తరు? ... రూల్ అంటే? ఆ రూల్ ఎక్కడున్నదో నాకు పంపుండ్రి!"

ఓంకార్ ఎదురుగా నిలబడి వద్దు వద్దని రెండు చేతులూ జోడించాడు. ఆమె ఆయన వైపు వీపు తిప్పుకుంది. ఆమె ఫోను పెట్టేసేసరికి డ్యూటీ పగటికి మారింది, జాయినింగ్ వారం వెనక్కి జరిగింది, క్యాబ్ కొత్తవాడ సందులోకే వస్తానంది.

ఆ ఉద్యోగం ఆమెకే ఎందుకిచ్చారన్న అనుమానం ఆ తర్వాత కంపెనీలో ఎవరికీ రాలేదు.